హైదరాబాద్‌లో మూడు రోజులు, ఆరుగురు, అందులో ఒకరు శాకాహారి: ఎక్కడ తినాలి, ఎన్నింటికి వెళ్లాలి

మీరు అడిగింది ఇదీ: డిసెంబర్‌లో డాలస్ నుంచి మీరు నలుగురు, కాకినాడ నుంచి అమ్మానాన్నలు వస్తారు, హైదరాబాద్‌లో మూడు రోజులుంటారు. పేరున్న చోట్లన్నీ తిరిగి తినాలని ఉంది. అమ్మగారు మాంసం ముట్టరు, నాన్నగారికి షుగర్, పిల్లలు కారం తినలేరు. ఒక పూట ఖర్చు చూసుకోకుండా ఫలక్‌నుమాలో తినాలనుకుంటున్నారు గానీ దండగేమోనని అనుమానం. పైగా పద్నాలుగు పేర్లతో ఒక లిస్టు పెట్టి, ఏ వరసలో వెళ్లమంటారని అడిగారు.

ముందు ఆ లిస్టులో సగం పైగా కొట్టేయండి. అవి బాగోవని కాదు, మూడు రోజుల్లో ఆరుగురి కడుపులు అన్నింటిని మోయలేవు. నేను ఈ ఊళ్లో హోటల్ లైన్‌లోనే బతికినవాణ్ని. టేబుల్ దగ్గర నిలబడి ఆర్డర్లు రాసుకునే పనితో మొదలుపెట్టి, ఇప్పుడు పెళ్లిళ్లకు కేటరింగ్ చూసుకుంటున్నా. కాబట్టి వంటింటి వైపు నుంచి చూసి చెబుతున్నాను అనుకోండి. పేరున్న ప్రతి హోటల్‌కీ ఆ పేరు తెచ్చిపెట్టింది ఒకటో రెండో వంటలు, అంతే. మిగతా మెనూ అంతా ఇంటిల్లిపాదీ వస్తారు కదా, ఎవరేం అడిగినా లేదనకూడదని పెట్టింది. బిర్యానీకి పేరున్న చోట ఫ్రైడ్ రైస్, నూడుల్స్, పనీర్ బటర్ మసాలా కూడా ఉంటాయి. వాటిని తిని 'ఇంతేనా, ఇంత పేరెందుకు' అని రివ్యూ రాసేవాళ్లే ఎక్కువ. ఇంకోటి, ఆ ఒక్క వంటకి కూడా ఒక టైముంది. ఆ టైము తప్పితే అదే హోటల్, అదే వంటవాడు, అదే ధర, రుచి మాత్రం సగమే.

బిర్యానీతోనే మొదలుపెడదాం, ఎలాగూ మీ లిస్టులో ఆరు పేర్లు అవే.

ఇక్కడ పేరున్న చోట్ల వండేది కచ్చీ బిర్యానీ. పచ్చి మటన్‌కి పెరుగు, అల్లంవెల్లుల్లి, వేయించిన ఉల్లిపాయ, మసాలాలు పట్టించి నానబెడతారు. దాన్ని అలాగే డేగిసా అడుగున పరిచి, సగం ఉడికిన బియ్యాన్ని పైన పొరలుగా వేసి, మూత అంచు చుట్టూ పిండి అతికించి దమ్ పెడతారు. కింద సన్నటి మంట, మూత మీద నిప్పులు. మాంసమూ అన్నమూ ఒకేసారి ఉడికి రావాలి. మధ్యలో మూత తీసి చూడటం అనేది లేదు, అంచనా తప్పితే ఆ డేగిసా మొత్తం పోయినట్టే. మూత తీశాక మొదటి గంటా గంటన్నరలో తింటే దాని దారే వేరు. ఆ తర్వాత అన్నంలో తడి ఆరిపోతుంది, ముక్క బిరుసెక్కుతుంది, అడుగున నెయ్యి నూనె తేరుకుంటాయి. పెద్ద హోటళ్లు రద్దీని బట్టి ఒకదాని తర్వాత ఒకటి డేగిసాలు దింపుతూనే ఉంటాయి కాబట్టి, జనం బాగా ఉన్న టైములో వెళ్తే మీ ప్లేటులోకి కొత్త డేగిసా నుంచే వస్తుంది. జనం తక్కువ ఉంటారు కదా, తీరిగ్గా కూర్చోవచ్చు కదా అని సాయంత్రం నాలుగింటికి, ఐదింటికి వెళ్లేవాళ్లుంటారు. వాళ్లకి దొరికేది మధ్యాహ్నం మిగిలింది. మీరు పన్నెండున్నరకల్లా కుర్చీలో ఉండండి. ఆదివారమైతే పన్నెండుకే.

వీలైతే వడ్డించే చోటు కనబడేలా కూర్చోండి, పిల్లలకి అదో సినిమా. డేగిసా దగ్గర నిలబడ్డ మనిషి చేతిలో చాలాచోట్ల గరిటె ఉండదు, చిన్న ప్లేటు ఉంటుంది. దాని అంచుతో డేగిసా పక్క నుంచి నిలువునా దించి, అడుగు దాకా పోనిచ్చి ఒక్కసారిగా పైకి లేపుతాడు. పైన తెల్లన్నం, మధ్యలో పసుపు, కింద మసాలా పట్టి ముదురు రంగుకి తిరిగిన అన్నం, ముక్కలు, అన్నీ ఆ ఒక్క కోతలో రావాలి. మెతుకు విరగకూడదు. గరిటెతో కలిపితే అంతా ఒకే రంగుకొచ్చేసి పులావులాగా అయిపోతుంది. ఆ అన్నంలో కారం కిందనే ఉంటుంది గనక, పిల్లల ప్లేటుకి పై అన్నం, మీకు కింది మసాలా వేయమని వెయిటర్‌కి ముందే చెప్పండి. 'నీచే కా మసాలా థోడా జ్యాదా' అంటే చాలు, అర్థమైపోతుంది, అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు. కొన్నిచోట్ల ఎక్స్‌ట్రా మసాలా విడిగా గిన్నెలో ఇచ్చి డబ్బులు వేస్తారు, అది కూడా అడిగి తెలుసుకోండి.

పక్కన ఇచ్చే మిర్చీ కా సాలన్‌లో వేరుశనగలు, నువ్వులు ఉంటాయి. అమెరికాలో పెరిగిన పిల్లలు కాబట్టి చెబుతున్నా, నట్ అలర్జీ ఉంటే అది వద్దు, పెరుగు చట్నీతో తినమనండి. సింగిల్ అని రాసున్న ప్లేటు చాలాచోట్ల ఇద్దరికి సరిపోతుంది. మీ ఐదుగురికి, అంటే అమ్మగారు కాకుండా, రెండు మటన్, ఒక చికెన్ చెబితే మిగిలినా మిగులుతుంది. మటన్ అయితేనే అసలు బిర్యానీ, చికెన్ పిల్లల కోసం.

ఇక ఎక్కడ? ఈ ఊళ్లో ఆస్తి తగాదాలైనా తీరతాయేమో గానీ ఏ బిర్యానీ గొప్ప అన్న తగాదా తీరదు, కాబట్టి కింద చెప్పేది నా లెక్క మాత్రమే. ప్యారడైజ్ 1953లో సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ టాకీస్‌ని ఆనుకుని చిన్న క్యాంటీన్‌గా మొదలైంది. టాకీస్ ఎప్పుడో పోయింది, పేరు మాత్రం ఆ చౌరస్తాకి, ఇప్పుడు మెట్రో స్టేషన్‌కి కూడా మిగిలింది. కారం తక్కువ, కూర్చోడానికి సౌకర్యం, పెద్దవాళ్లకీ పిల్లలకీ ఇబ్బంది ఉండదు. వెళ్తే సికింద్రాబాద్‌లో ఉన్న అసలు చోటికే వెళ్లండి, ఊరంతా ఉన్న బ్రాంచీల్లో తిని తీర్పు చెప్పొద్దు. హైదర్‌గూడలో ఉన్న కేఫ్ బహార్ 1973 నాటిది. నా నాలుకకి నగరంలో మసాలా నిలకడగా ఉండేది అక్కడే, కాకపోతే పార్కింగ్ నరకం, క్యాబ్‌లో వెళ్లండి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో బావర్చీ థియేటర్ల మధ్య ఉంది, సినిమా వదిలిన జనం నేరుగా అందులోకి వస్తారు. ఆ పేరుతో నగరంలో, హైవేల మీద, చివరికి మీ డాలస్‌లో కూడా బోర్డులు కనబడతాయి, వాటికీ దీనికీ సంబంధం ఉందనుకోవద్దు. టోలీచౌకీ షా గౌస్ రాత్రి ఆలస్యంగా తినే కుర్రాళ్ల చోటు, మీ బృందానికి కుదరదు. మిగిలింది షాదాబ్, దాని గురించి పాతబస్తీ రోజు దగ్గర చెబుతా, ఎందుకంటే మిమ్మల్ని నేను పంపేది అక్కడికే. బిర్యానీ ఒక్క పూట చాలు. మూడు రోజులూ మూడు చోట్ల బిర్యానీ తింటే మూడోది ఎలా ఉందో మీకే గుర్తుండదు.

పాతబస్తీకి ఒక రోజు పూర్తిగా ఇవ్వండి, అదీ తెల్లవారుజామునే. శుక్రవారం మాత్రం వద్దు, మధ్యాహ్నం మక్కా మసీదు నమాజుకి జనం నిండిపోతారు, పెద్దవాళ్లతో నడవలేరు. జెట్‌లాగ్‌తో పిల్లలు ఎలాగూ నాలుగింటికే లేస్తారు గనక మొదటి రోజే పెట్టుకోండి, ఉపయోగపడుతుంది.

నయాపూల్ దగ్గర నయాబ్ హోటల్‌కి ఆరున్నరకల్లా చేరండి. అక్కడ తినాల్సింది నహారీ. మేక కాళ్లు, నాలుక కలిపి రాత్రంతా సన్నసెగ మీద ఉడికించిన పలచటి షోర్బా. ఢిల్లీ నిహారీ చిక్కగా గ్రేవీలాగా ఉంటుంది, ఇది వేరే, ఇది తాగొచ్చు. దానిలోకి నాలుగు మూలల కుల్చా, చార్ కోనీ నాన్ అని కూడా అంటారు. కుల్చాని తుంచి ముంచితే పైపొర మెత్తబడుతుంది గానీ కింద కాలిన వైపు కరకరమంటూనే ఉంటుంది, ఆ రెండూ ఒకే ముద్దలో రావాలి. నిమ్మకాయ పిండుకోండి. నాలుక ముక్క వద్దనుకునేవాళ్లు పాయా, అంటే కాళ్లు మాత్రమే వేయమని అడగవచ్చు. డిసెంబర్ చలిలో ఇంతకంటే మంచి టిఫిన్ ఈ ఊళ్లో లేదని నా అభిప్రాయం. ఎనిమిదిన్నర, తొమ్మిది దాటాక వెళ్తే డేగిసా అడుగున మిగిలింది వస్తుంది, లేదా అయిపోయిందంటారు. నాన్నగారికి నహారీతో ఇబ్బంది లేదు, కుల్చా మైదా కాబట్టి సగంతో ఆపేయమనండి.

ఈలోపు అమ్మగారి సంగతి. ఆవిణ్ని మాంసం వాసన మధ్య కూర్చోబెట్టి మీరంతా తింటూ ఉంటే మూడు రోజుల్లో మొదటి పూటే మూడ్ పోతుంది. మీ ఆవిడో మీరో ఒకరు ఆవిడతో నేరుగా చార్మినార్ వైపు వెళ్లిపోండి. అక్కడ గోవింద్ బండి అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. శుద్ధ శాకాహారం. పెనం మీద వెన్న వేసి, ఇడ్లీలని పొడితో పాటు అందులో వేయించి ఇస్తారు, తవా ఇడ్లీ అంటారు. వెన్న దోసె కూడా బాగుంటుంది. నిలబడి తినాలి, అదొక్కటే ఇబ్బంది. కాకినాడ నుంచి వచ్చినావిడకి ఇడ్లీలో కొత్తేముంటుందని మీరనుకోవచ్చు గానీ, ఇంత వెన్నతో ఇడ్లీ ఆవిడ తిని ఉండరు. కొలెస్ట్రాల్ గురించి తర్వాత మాట్లాడుకుందాం.

నయాపూల్ నుంచి పత్తర్‌గట్టీ కమానుల కిందుగా చార్మినార్‌కి దాదాపు కిలోమీటరే, ఆ పొద్దున దుకాణాలు తెరవరు గనక నడవడానికి హాయిగా ఉంటుంది. అందరూ నిమ్రా కేఫ్ దగ్గర కలుసుకోండి. చార్మినార్ పక్కనే, వెతకక్కర్లేదు. ఇరానీ చాయ్‌లో టీ డికాషన్ వేరే గిన్నెలో మూతపెట్టి మరుగుతూ ఉంటుంది, పాలు వేరే మరిగి చిక్కబడుతుంటాయి, రెండూ కప్పులోనే కలుస్తాయి. పాలు ఎక్కువ కావాలంటే పౌనా అని చెప్పండి. చక్కెర సాధారణంగా ముందే కలిసిపోయి ఉంటుంది కాబట్టి 'షుగర్ లేకుండా' అంటే కుదరదు, నాన్నగారు మీ కప్పులోంచి రెండు గుక్కలు తాగి ఆపాలి, లేదా ముందే మాత్ర సంగతి చూసుకోవాలి. ఉస్మానియా బిస్కెట్లు అప్పుడే ట్రేల్లో వస్తుంటాయి, వేడివేడిగా ఉన్నప్పుడు మెత్తగా ఉండి, చల్లారితేనే పెళుసు వస్తుంది. డబ్బాలో దొరికే బిస్కెట్ మాత్రమే తెలిసినవాళ్లకి ఆ వేడిది కొత్తగా ఉంటుంది.

ఓపిక ఉంటే పురానీ హవేలీ వైపు మున్షీ నాన్ ఇప్పుడెక్కడుందో అడిగి చూడండి, 1851లో మొదలైన నాన్ భట్టీ. తినడానికి కుర్చీలుండవు, నాన్ కొనుక్కుని వెళ్లిపోవడమే. గోడలకి పిండి కొట్టి, ఇనుప చువ్వలతో నాన్‌లు లాగి బయట పడేస్తుంటారు, చేతికి కాలుతున్నా కాగితం చుట్టుకుని తీసుకెళ్తుంటారు జనం.

తర్వాత చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం, ఏదో ఒకటి చూసి, మధ్యాహ్నం పన్నెండున్నరకి మదీనా చౌరస్తా దగ్గర షాదాబ్. పైన ఏసీ ఫ్యామిలీ సెక్షన్‌కి వెళ్లండి, కింద హడావుడి ఎక్కువ. మటన్ బిర్యానీ ఇక్కడ తినండి. దాంతోపాటు తలాహువా గోష్ట్, అంటే వేయించిన మటన్, ఒకటి. అమ్మగారు ఈ పూట రాననొచ్చు, బలవంతపెట్టకండి. ఇలాంటి చోట్ల వెజ్ బిర్యానీ ఉంటుంది, విడిగానే వండుతారు, కానీ అదే వంటిల్లు, అదే గరిటెల గుంపు. పట్టింపు ఉన్నావిడకి అది నచ్చదు, నచ్చినా రుచిగా ఉంటుందని నేను హామీ ఇవ్వను. ఆవిణ్ని ఆబిడ్స్‌లో తాజ్‌మహల్ హోటల్‌లో దింపడం మేలు, అక్కడికి దూరం కాదు. స్టార్ హోటల్ తాజ్ కాదు ఇది, ఉడిపి పద్ధతి పాత టిఫిన్, భోజనం హోటల్. తీరిగ్గా భోంచేసి ఫిల్టర్ కాఫీ తాగి కూర్చుంటారు, మీరు వచ్చేదాకా ఎవరూ లేవమనరు, కనీసం లంచ్ రద్దీ తగ్గాక.

సాయంత్రం శక్తి మిగిలితే మోజంజాహీ మార్కెట్. 1935లో కట్టిన రాతి కట్టడం, దాని ఆవరణలోనే ఫేమస్ ఐస్‌క్రీమ్ ఉంది. పండ్ల ఐస్‌క్రీములకి పేరు. డిసెంబర్ మొదట్లో వస్తే సీతాఫలం ఇంకా ఉండవచ్చు, అదే చెప్పండి, చాక్లెట్ చిప్ లాంటివి మీ ఊళ్లోనే బాగుంటాయి. కరాచీ బేకరీ మొదటి దుకాణం కూడా అక్కడే.

హలీం గురించి అడిగారు. అది రంజాన్ వంట. మాంసం, గోధుమలు, నెయ్యి భట్టీ మీద గంటల తరబడి ఉడుకుతుంటే పెద్ద పెద్ద కర్రలతో దంచుతూనే ఉండాలి, ఆ నెలలో ఊళ్లో ఏ వీధికెళ్లినా ఆ చప్పుడు వినిపిస్తుంది. 2010లో హైదరాబాదీ హలీంకి జీఐ, అంటే ఫలానా ఊరి వంట అనే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇప్పుడు కొన్ని హోటళ్లు ఏడాది పొడవునా అమ్ముతున్నాయి గానీ, డిసెంబర్‌లో చిన్న గిన్నెలో వచ్చే హలీం కోసం ఒక పూట ఖర్చు చేయొద్దు. రంజాన్‌లో ఎప్పుడైనా వస్తే అడగండి, అప్పుడు వేరే జవాబు రాస్తా.

రెండో రోజు కారం, నెయ్యి తగ్గించండి. అమ్మగారి రోజు అనుకోండి. పొద్దున చట్నీస్‌కి వెళ్లండి, బంజారాహిల్స్‌లో నాగార్జునా హిల్స్ దగ్గరిది పాతది. అక్కడ చిరంజీవి పేరుతో ఒక స్టీమ్ దోసె ఉంది, నూనె దాదాపు ఉండదు, మెత్తగా దూదిలా వస్తుంది, పిల్లలు తింటారు. మీకు ఇడ్లీ అయితే నేతి పొడి ఇడ్లీ. పేరుకి తగ్గట్టే నాలుగైదు రకాల చట్నీలు పెడతారు, వేరుశనగ చట్నీ మళ్లీ అడిగి వేయించుకోండి. వారాంతమైతే తొమ్మిదిలోపే వెళ్లండి, తర్వాత పేరు రాసుకుని బయట బెంచీల మీద కూర్చోబెడతారు.

మీ లిస్టులో సుబ్బయ్యగారి హోటల్ ఉంది, అది కాకినాడలో పుట్టిందే. సార్, మీవాళ్లది కాకినాడ! పుట్టింటి బుట్ట భోజనాన్ని కొండాపూర్‌లో వెతుక్కోవడం ఎందుకు, అది కొట్టేయండి. ఆంధ్ర భోజనం హోటళ్లు ఈ ఊళ్లో కోకొల్లలు, బాగుంటాయి కూడా, కానీ ఆ ముద్దపప్పు, ఆవకాయ మీ అమ్మగారి చేతిలో ఇంకా బాగుంటుంది. దాని బదులు మీ ఇంట్లో వండనిది తినండి. రాయలసీమ రుచులులో రాగి సంగటి, నాటుకోడి పులుసు తినండి. నాన్నగారికి తెల్లన్నం కంటే అదే నయం, కాకపోతే రాగి కదా అని పెద్ద ముద్ద తింటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. తెలంగాణ వంట తినాలంటే జూబ్లీహిల్స్‌లో తెలంగాణ స్పైస్ కిచెన్ ఉంది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, సర్వపిండి ఉన్నాయేమో అడగండి. హైదరాబాద్ అనగానే బిర్యానీ ఒక్కటే అనుకునేవాళ్లకి చుట్టుపక్కల పల్లెల తిండి ఏమిటో తెలియదు.

అందరికీ కలిపి ఒక్క మంచి డిన్నర్ కావాలంటే నేను చెప్పేది జూబ్లీహిల్స్ వైపు సింప్లీ సౌత్. షెఫ్ చలపతిరావు గారిది, అంతకుముందు ఆయన ఐటీసీ హోటళ్లలో దక్షిణాది వంటకి పేరు తెచ్చుకున్నవారు. ఐదు రాష్ట్రాల వంటలూ వండుతారు, శాకాహారం చివర్లో రెండు లైన్లలో ముగించకుండా మెనూలో నిండుగా ఉంటుంది. వెజ్ తినేవాళ్లు, తినని వాళ్లు ఒకే టేబుల్ మీద సుఖంగా తినగలిగే చోట్లు తక్కువ, అందుకే చెబుతున్నా. టేబుల్ ముందే బుక్ చేసుకోండి. అక్కడ ఆర్డర్ మీరే ఇవ్వకండి, కెప్టెన్‌ని, అంటే వెయిటర్ల మీద ఉండే మనిషిని, పిలిచి 'ఆరుగురం, ఒకరు వెజ్, పిల్లలకి కారం వద్దు, ఇవాళ ఏం బాగుంది' అని అడగండి. నేను ఆ పని చేసినప్పుడు అలా అడిగిన టేబుల్‌ని వేరేగా చూసేవాణ్ని, ఎవరైనా అంతే. మెనూ కార్డు మీద వేలు పెట్టి 'ఇది ఎలా ఉంటుంది' అని అడిగితే మాత్రం ఎవరైనా 'బాగుంటుంది సార్' అనే చెబుతారు, లేదంటే ఉద్యోగం పోతుంది.

ఫలక్‌నుమా. వికార్ ఉల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టిన ప్యాలెస్, తర్వాత ఆరో నిజాం చేతికి వచ్చింది. చాలా ఏళ్లు మూతపడి ఉండి, బాగుచేశాక 2010లో తాజ్ హోటల్‌గా తెరిచారు. హైదరాబాదీ వంటకి అక్కడ అదా అనే రెస్టారెంట్. దండగా అని అడిగారు కదా, సూటిగా చెబుతా: తిండి కోసమే అయితే దండగ. అదే డబ్బుతో పాతబస్తీలో మీ ఆరుగురూ వారం రోజులు తినొచ్చు. కానీ అక్కడ మీరు డబ్బు పెట్టేది గుట్ట మీద ఆ భవనానికి, సాయంత్రం పూట కింద దీపాలు వెలిగే ఊరికి, అమ్మానాన్నలు ఆ మెట్ల మీద నిలబడి ఫొటో దిగడానికి. దానికి మీ చెయ్యి ఆడుతుందంటే వెళ్లండి, జీవితంలో ఒకసారి. రిజర్వేషన్ లేకుండా గేటు దగ్గరే ఆపేస్తారు, గేటు నుంచి లోపలికి వాళ్ల బండిలో తీసుకెళ్తారు. డ్రెస్ కోడ్ ఉంటుంది, బుకింగ్ అప్పుడే అడిగి తెలుసుకోండి, నిక్కర్లూ చెప్పులూ వేసుకుని దిగబడొద్దు. 101 మంది కూర్చునే టేబుల్ గురించి విని ఉంటారు, మామూలుగా డిన్నర్‌కి వచ్చినవాళ్లని దాని మీద కూర్చోబెట్టరు, ముందే నిరాశపడండి. పొద్దుగుంకడానికి గంట ముందు చేరేలా టైము అడగండి. చీకటి పడ్డాక వెళ్తే సగం డబ్బు వృథా. అమ్మగారికి అక్కడ బాగానే జరుగుతుంది, పెద్ద హోటళ్లలో వెజ్ వంటని చిన్నచూపు చూడరు. తియ్యటివి రెండే చెప్పి అందరూ పంచుకోండి, ఖుబానీ కా మీఠా వాటిలో ఒకటి.

బిల్లు గురించి ఒక మాట. మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం. గది అద్దె రోజుకి 7,500 రూపాయలు దాటే హోటళ్లలో ఉన్న రెస్టారెంట్‌లో 18 శాతం. అంటే 20,000 రూపాయల భోజనానికి బయట 1,000, అక్కడ 3,600. మెనూలో ధరలు చూసి లెక్కేసుకునేటప్పుడు ఇది మరిచిపోతే చివర్లో మొహం మాడుతుంది. సర్వీస్ ఛార్జి వేరే సంగతి. దాన్ని బిల్లులో తప్పనిసరిగా కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022లోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్నే సమర్థించింది. బిల్లులో ఆ లైను కనబడితే తీసేయమని మర్యాదగా అడగండి, చాలాచోట్ల మారుమాట లేకుండా తీసేస్తారు. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరు ఉంది. నిజంగా సర్వీసు నచ్చితే టిప్పు ఆ కుర్రాడి చేతికే ఇవ్వండి. అమెరికా అలవాటుతో 20 శాతం ఇవ్వక్కర్లేదు. పది శాతం లోపే ఎవరైనా ఇచ్చేది, పాతబస్తీలో నలభై యాభై పెట్టినా సంతోషిస్తారు.

కూర్చోగానే 'బాటిల్ వాటరా, రెగ్యులరా' అని అడుగుతారు. మీ పిల్లలకి సీల్డ్ బాటిల్ తీసుకోండి, డబ్బుకి చూసుకోకండి, మూడు రోజుల్లో ఒక రోజు కడుపునొప్పితో పోతే బుకింగులన్నీ గోవిందా. అదే లెక్కన పచ్చి ఉల్లిపాయ ముక్కలు, బయట ఐసు, మయోనైజ్ పిల్లలకి వద్దు. పచ్చిగుడ్డు మయోనైజ్‌ని 2024 అక్టోబర్‌లో తెలంగాణ ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించింది కూడా, మోమోలు తిన్నవాళ్లు జబ్బుపడ్డ తర్వాత. పొగలు కక్కే నహారీతో మీకు రాని ప్రమాదం, చల్లటి చట్నీతో రావచ్చు.

యాప్‌లో స్టార్లు చూసి నిర్ణయించుకోకండి. ఇంటికి పార్సెల్ తెప్పించుకున్నవాడి కోపం, హోటల్‌లో కూర్చుని తిన్నవాడి ఆనందం రెండూ ఒక్క అంకెలో దాక్కుంటాయి. చూడాలనుకుంటే ఈ నెలలో జనం పెట్టిన ఫొటోలు చూడండి, అందులోనూ ఆ చోటికి పేరు తెచ్చిన వంట ఫొటోలు మాత్రమే. అన్నం మెతుకులు విడివిడిగా ఉన్నాయా, ముద్దగా ఉందా అన్నది ఫొటోలోనే తెలిసిపోతుంది.

అమ్మానాన్నలు గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వస్తారనుకుంటా, పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగితే స్టేషన్ ఎదురుగా ఆల్ఫా హోటల్‌లో ఒక చాయ్ తాగించి తీసుకెళ్లండి. అదీ పాత ఇరానీయే. అక్కడ బిర్యానీ ఆర్డర్ చేయాలనిపిస్తుంది, ఆ టైములో వద్దు.

మూడో రోజు ఖాళీగా ఉంచండి. పైన చెప్పినవాటిలో ఏదో ఒకటి మిస్సవుతుంది, లేదా ఏదో ఒకటి మళ్లీ తినాలనిపిస్తుంది. ఏదీ కాకపోతే కేఫ్ బహార్ మధ్యాహ్నం, రాత్రికి ఫలక్‌నుమా, మధ్యలో బాగా నిద్ర. రెండూ ఒకే రోజు అంటే బహార్‌లో ముగ్గురికి ఒక ప్లేటు చొప్పున చెప్పండి, ఆకలి మిగుల్చుకోండి.

డాలస్‌కి తీసుకెళ్లడానికి కరాచీ ఫ్రూట్ బిస్కెట్లు ఊళ్లో కొని మోసుకురావక్కర్లేదు, శంషాబాద్ ఎయిర్‌పోర్టులోనే దుకాణం ఉంది. ఉస్మానియా బిస్కెట్లకి మాత్రం నాంపల్లి సుభాన్ బేకరీకి వెళ్లండి, బయల్దేరే రోజు పొద్దున తీసుకుంటే తాజాగా ఉంటాయి, డబ్బాని సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టండి, లేకపోతే పొడి మిగులుతుంది. బిర్యానీ, హలీం డబ్బాలు ప్యాక్ చేసి ఇస్తామని కొందరంటారు, మాంసం అమెరికా కస్టమ్స్ దగ్గర ఆపేస్తారు, ఆ జోలికి పోకండి. తేదీలు ఖరారయ్యాక ఇక్కడే రాయండి, ఆ వారంలో ఏ రోజు శుక్రవారం పడుతుందో చూసి పాతబస్తీ రోజు సర్దుదాం.